దుల్హన్‌కు చెప్పిన మాటలు

మా రైడింగ్ క్లబ్ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు గురువారం పొద్దున వచ్చింది. "తెల్లగుర్రం చాచా పోయిండు. ఈ ఐతవారం రైడ్ లేదు." కింద పదకొండు జతల చేతులు దండం పెట్టాయి. పన్నెండో మనిషి మాత్రం, "మరి వచ్చే ఐతవారం పక్కానా?" అని అడిగాడు. నేను ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి తొమ్మిదో తరగతికి పాఠం చెప్పడానికి వెళ్ళాను. ఆ రోజు బోర్డు మీద ఒకే లెక్క మూడుసార్లు తప్పు చేశాను. పిల్లలు మహా సంబరపడ్డారు.

ఆయన పేరు నాకు తెలియదు. మూడేళ్ళపాటు ఆదివారం ఆదివారం ఆయన గుర్రానికి ముందు గుర్రం మీద కూర్చుని వెళ్ళాను గానీ పేరు అడగలేదు. ఫోన్‌లో "తెల్లగుర్రం" అని రాసుకున్నాను. ఆ మాటకొస్తే ఆయనా నా పేరు అడగలేదు, ఆయనకు నేను టీచరమ్మను. ఈ విషయంలో ఇద్దరం సమానమే అని మొదట సరిపెట్టుకున్నాను. సమానం కాదని తర్వాత తెలిసింది.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే తప్పు అక్కడే మొదలైంది. నేను ఉస్మాన్‌గంజ్ దగ్గర ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ని. ఒక్కదాన్నే ఉంటాను. వారానికి ఆరు రోజులు, రోజుకు ఏడు పీరియడ్లు, క్లాసుకు యాభై నోళ్ళు. కిటికీ కింద ట్రాలీ ఆటోల హారన్లు, హమాలీల అరుపులు. సాయంత్రానికి నా చెవుల్లో జోరీగలు తిరుగుతున్నట్టు ఉండేది. అలాంటి రోజుల్లో ఒక ఆదివారం తెల్లారి పాల కోసం బయల్దేరితే, పురానాపూల్ మీద పదిహేను గుర్రాలు వరసగా దాటుతూ కనిపించాయి. వాటి మీద మనుషులున్నారు, ఒక్కరూ మాట్లాడటం లేదు. లాడాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నా వయసు నలభై దాటింది, గుర్రాన్ని అంతకుముందు పెళ్ళి ఊరేగింపుల్లో తప్ప చూడలేదు. ఆ వారమే వెళ్ళి క్లబ్బులో చేరాను. అందరూ గుర్రం కోసం చేరితే నేను నిశ్శబ్దం కోసం చేరాను. ఆ వరసలో చివరి మనిషి నోరు లంగర్‌హౌజ్ దాటాక గానీ తెరుచుకోదని నాకు అప్పుడేం తెలుసు.

మా దారి ఎప్పుడూ ఒకటే. పురానాపూల్ దగ్గరి గుర్రాల తబేలా నుంచి చీకటితోనే బయల్దేరి, కార్వాన్ మీదుగా లంగర్‌హౌజ్ దాటి, మట్టిదారి పట్టుకుని హిమాయత్‌సాగర్ కట్ట దాకా వెళ్తాం. అక్కడ చాయ్ తాగి వెనక్కి వస్తాం. కెప్టెన్ అని మేం పిలిచే ఆయన జిమ్ నడుపుతాడు, అందరికంటే మంచి బూట్లు ఆయనవే. ఒకరి వెనక ఒకరు పోవాలి, ఫోన్ తీయకూడదు, మాట్లాడకూడదు అనేవి ఆయన పెట్టిన నియమాలు. నేర్పరులు ముందు, చేతగానివాళ్ళు వెనక. చేతగానివాళ్ళలో నాది మొదటి ర్యాంకు కాబట్టి చివరినుంచి రెండో గుర్రం నాది. నా వెనక చాచా.

చాచాది పెళ్ళి గుర్రం. తెల్లది, వయసు మళ్ళింది, పేరు దుల్హన్. పెళ్ళికొడుకును మోసే గుర్రానికి పెళ్ళికూతురి పేరేంటని మొదటి రోజే అడిగాను.

"పెండ్లి దినం అందరు దుల్హేనే సూస్తరు టీచరమ్మా. కింద గుర్రమున్నదని ఎవ్వరికి యాదికుండది. పేరన్న మంచిగ ఉండనీ అని పెట్టిన" అన్నాడు.

వందల మంది పెళ్ళికొడుకుల్ని ఎక్కించినవాడు, క్లబ్బులోకి వచ్చేదాకా తాను మాత్రం దాని మీద ఎక్కలేదట. బరాత్‌లో ఆయన పని కళ్ళెం పట్టుకుని పక్కన నడవడమే. గిరాకీ లేని రోజుల్లో గుర్రానికి కాళ్ళు పట్టేయకుండా ఉంటుందని మా వెంట రావడం మొదలుపెట్టాడు. అందుకని ప్రతి ఆదివారం జీను ఎక్కే ముందు దాని చెవి దగ్గరికి వంగి, "మాఫ్ చెయ్యి బిడ్డా, ఇయ్యాల గూడ నేనే" అనేవాడు. అలా అనకుండా ఒక్కసారి కూడా ఎక్కలేదు. బక్కమనిషి, అరవై దాటి ఉంటాడు. తెల్ల టోపీ మీద క్లబ్బువాళ్ళిచ్చిన హెల్మెట్ పెడితే తల మీద కుండ బోర్లించినట్టు ఉండేది. ఎడమ కాలు రికాబులో ఎప్పుడూ పెట్టేవాడు కాదు. నడిచే అలవాటు పోక, ఎప్పుడైనా దిగడానికి సిద్ధంగా ఉండేవాడేమో.

ఇక మాటలు. మాట్లాడకూడదన్న నియమానికి ఆయన ఒక్కడికే మినహాయింపు. మొదట్లో కెప్టెన్ కోప్పడితే చాచా ఇచ్చిన జవాబు క్లబ్బులో అందరికీ తెలుసు.

"కెప్టెన్ సాబ్, ఇది పుట్టినకాడికెళ్ళి బ్యాండు నడుమ నడిచిన జానవర్. ఊర్లైతే లారీలు, బస్సులు, ఏదో ఒక సప్పుడుంటది. ఈ మట్టి తొవ్వల సప్పుడు లేకుంటే దీనికి బుగులైతది, అడుగు ఎయ్యది. నేను మాట్లాడాలె, అది నడవాలె. ఏం జేస్తం."

కెప్టెన్ ఏం చేస్తాడు, చివర్న ఉండమన్నాడు. అట్లా లంగర్‌హౌజ్ దాటిన దగ్గర్నుంచి కట్ట దాకా, మళ్ళీ కట్ట నుంచి లంగర్‌హౌజ్ దాకా ఆయన దుల్హన్‌తో మాట్లాడేవాడు. తాను వండుకున్న పప్పు గురించి, మూసీ వాసన గురించి, మంటపం దగ్గరికి వచ్చేసరికి గుర్రం మీదే నిద్రపోయిన ఒక పెళ్ళికొడుకు గురించి. "చాచా, దీన్ని ఇట్లనే మలుపు, పారిపోదాం" అని చెవిలో అడిగిన ఇంకో పెళ్ళికొడుకు గురించి. ఈ రెండోవాడి కథ చేరిన కొత్తలోనే అయిదు రకాలుగా విన్నాను. ఒకదాంట్లో చాచా మలిపాడు, ఒకదాంట్లో మలపలేదు. నాలుగు మాటలకొకసారి ఆగి, "సమజైందా?" అనేవాడు. ఒక్క క్షణం ఊరుకుని, జవాబు వచ్చినట్టే, "ఆ, గదే" అని ముందుకు పోయేవాడు.

అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది "మా ఇంటామె" అనే మాట. "మా ఇంటామె ఏమంటదంటే..." అని మొదలయ్యేది. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండేది, మిగతాది చెవిన వేసుకునేదాన్ని కాదు. ఇంట్లో ఆమె ఈయన్ని నోరెత్తనివ్వదు, ఆ బాకీ అంతా నా వీపు మీద తీరుస్తున్నాడు అనుకునేదాన్ని. ఎంత నిశ్శబ్దం కోసం వచ్చానో అంత గోల నా వెనకే తగులుకుంది. రెండో నెలలో నేనొక పని చేశాను. ఇంటి దగ్గరే చెవుల్లో దూది పెట్టుకుని, మీద స్కార్ఫ్ కట్టుకుని వచ్చాను. ప్రాణం హాయిగా ఉంది. మూడేళ్ళు అదే అలవాటైపోయింది.

ఒకసారి చాయ్ దగ్గర స్కార్ఫ్ జారితే ఆయన దూది చూశాడు.

"చెవి నొస్తున్నదా టీచరమ్మా?"

"చలి చాచా, పడదు నాకు."

ఏప్రిల్ నెల అది. పై ఆదివారం చిన్న సీసాలో వెల్లుల్లి వేసి కాచిన నూనె తెచ్చిచ్చాడు. రెండు చుక్కలు గోరువెచ్చగా వేసుకుంటే ఎంత పాత నొప్పైనా పోతుందన్నాడు. తీసుకున్నాను. థాంక్స్ కూడా చెప్పాను. దూది మానలేదు.

ఒక్క రోజు మాత్రం ఆయన మాటలు నేను పూర్తిగా విన్నాను. అది ఫంక్షన్ హాల్ రోజు. పెళ్ళిళ్ళ కాలం. లంగర్‌హౌజ్ దాటాక రోడ్డు పక్కన ఒక హాలులో పొద్దున్నే ముహూర్తం ఉన్నట్టుంది. మేం దాని ముందుకి వచ్చేసరికి బ్యాండువాళ్ళు బాజా ఎత్తుకున్నారు. మా గుర్రాలన్నీ నేరుగా పోయాయి. దుల్హన్ ఒక్కటి ఠీవిగా పక్కకు తిరిగి, రంగుల కమాను కిందినుంచి గేటు దాకా నడిచి, కుడికాలు నేలమీద తడుతూ నిలబడింది. అక్కడ పెళ్ళివారు హారతి పళ్ళెంతో పెళ్ళికొడుకు కోసం ఎదురుచూస్తున్నారు. పట్టుచీర ఆవిడ పళ్ళెం పైకెత్తి, జీను మీద నెత్తిన కుండ బోర్లించుకున్న అరవయ్యేళ్ళ మనిషిని చూసి చెయ్యి అట్లానే గాల్లో ఆపేసింది.

చాచా రెండు చేతులూ జోడించాడు. "దుల్హా ఎనక వస్తున్నడమ్మా. తొవ్వ మంచిగున్నదా లేదా అని మేం జర ముందుగాల వచ్చినం."

గేటు దగ్గర నవ్వులే నవ్వులు. దుల్హన్ కదిలితే కదా. కళ్ళెం లాగాడు, బతిమాలాడు, దిగి ముందు నిలబడి లాగాడు. మాట్లాడితే నడుస్తుందన్నారుగా అని కెప్టెన్ ఎత్తిపొడిచాడు. చివరికి చాచా ఆ పట్టుచీర ఆవిడతో, "తప్పుగ అనుకోకు చెల్లే, హారతి ఇయ్యందే ఇది గేటు కాడికెళ్ళి కదలది. దాని పద్ధతి దానికుంటది" అన్నాడు. ఆవిడ నవ్వుతూనే గుర్రానికి హారతిచ్చి నుదుట కుంకుమ పెట్టింది. దుల్హన్ వెంటనే తిరిగి, ఏమీ జరగనట్టు వచ్చి వరసలో నిలబడింది.

ఆ గొడవ చూద్దామని చెవుల్లోంచి తీసిన దూది నేను ఆ రోజు మళ్ళీ పెట్టుకోలేదు. తిరుగుదారిలో చాచా ఆ కథంతా మొదటినుంచి దుల్హన్‌కే చెప్పాడు. పట్టుచీర ఆవిడ మొహం ఎట్లా పెట్టిందో, కెప్టెన్ మీసం ఎట్లా ముడిచాడో, అన్నీ. అక్కడున్న దానికే అక్కడ జరిగింది చెబుతున్నాడని నాకు నవ్వొచ్చింది. వెనక్కి తిరిగి పకపకా నవ్వాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ కథ మళ్ళీ ఇంకోసారి చెప్పాడు. పై వారం కూడా చెప్పబోతే, ఇక చాల్లే అనుకుని మళ్ళీ దూది పెట్టుకున్నాను.

మొన్నటి చలికాలంలో ఒక ఆదివారం చాచాకు జ్వరమొచ్చింది. గుర్రాన్ని మాత్రం తబేలా మనిషితో మా దగ్గరికి పంపించాడు. ఆ రోజు నా గుర్రానికి లాడం ఊడింది. కెప్టెన్ నన్ను దుల్హన్ ఎక్కమన్నాడు. మట్టిదారిలో నేను మాట్లాడకపోతే ఇది ఆగిపోతుంది కదా, ఏం మాట్లాడను? ఎక్కాలు చెబుదామని నిర్ణయించుకున్నాను. రెండో ఎక్కం నుంచి ఇరవయ్యో ఎక్కం దాకా మెల్లిగా చెబితే కట్ట వచ్చేస్తుందని లెక్క కూడా వేసుకున్నాను.

లంగర్‌హౌజ్ దాటాం. మట్టిదారి ఎక్కాం. ఎక్కం మొదలుపెట్టేలోపే గుర్రం నడుస్తోంది. చూద్దామని నోరు మూసుకున్నాను. నడుస్తోంది. బ్యాండు లేదు, బస్సు లేదు, మనిషి మాట లేదు. చెవులు ఊపుకుంటూ, మెత్తగా, కట్ట దాకా ఒక్కచోట కూడా ఆగకుండా నడిచింది.

చాయ్ దగ్గర అందరికీ చెప్పాను. కఠినమైన లెక్కలో కిటుకు దొరికినంత గొప్పగా చెప్పాను. గ్లాసులు తొణికేట్టు నవ్వారు. "అంటే ఇన్నేండ్లు మనల్ని బేవకూఫ్ చేసిండన్నట్టు" అన్నాడు కెప్టెన్.

ఆ మాట అక్కడితో వదిలేసినా బాగుండేది. నా నోరు ఊరుకుంటుందా. పై ఆదివారం చాచా వచ్చి జీను పట్టీ బిగిస్తుంటే, పదిమందిలో అన్నాను. "చాచా, మీ దుల్హన్ మాటల్లేకున్నా మస్తుగ నడుస్తది. మొన్న నేను ఒక్క ముక్క మాట్లాడలె."

పట్టీ మీద ఆయన చెయ్యి ఆగింది. తర్వాత నవ్వాడు. గుర్రం మెడ మీద ఒక్కటి చరిచి, "గట్లనా? ఇన్ని దినాలు నన్ను ఉత్తగనే ఒర్రిపిచ్చినవా ఏందే?" అన్నాడు. అందరం నవ్వాం. అందరికంటే ఎక్కువసేపు ఆయనే నవ్వాడు. ఆయన చెవులు ఎర్రబడటం నేను చూశాను. చూసి కూడా, గుర్రమెక్కి వరసలో నా చోట నిలబడ్డాను.

ఆ రోజు లంగర్‌హౌజ్ దాటినా వెనకనుంచి ఏమీ రాలేదు. దూది వల్ల వినబడటం లేదేమో అనుకుని ఒకవైపు తీసి చూశాను. లాడాల చప్పుడొక్కటే ఉంది. నేను క్లబ్బులో చేరిందే ఆ చప్పుడు కోసం. మొదటి వారం హాయిగా ఉందనుకున్నాను. రెండో వారం హాయిగా ఉందని నాకు నేనే రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది. మూడోవారం దూది ఇంట్లోనే వదిలి వచ్చాను. ఆయన వస్తున్నాడు, దుల్హన్ చెవిలో మాఫీ అడుగుతున్నాడు, ఎక్కుతున్నాడు, అంతే. ఇంకో మాట లేదు. కెప్టెన్ మాత్రం క్లబ్బుకి ఇప్పుడు డిసిప్లిన్ వచ్చిందని మెచ్చుకున్నాడు.

అయిదో వారం నాకే ఉండబట్టలేదు. కట్ట కనబడుతుండగా వెనక్కి తిరిగి, "ఏమన్న చెప్పండి చాచా" అన్నాను.

"ఎవలికి చెప్పాలె టీచరమ్మా? దానికి అక్కర లేదంటివి గద."

కోపంగా అనలేదు, దెప్పినట్టూ అనలేదు. నిజంగానే అడిగాడు. అడిగి, నా మొహంలోకి చూస్తూ ఆగాడు. మాటల మధ్య "సమజైందా?" అని ఆయన ఊరుకునే ఆ క్షణం ఎవరి కోసమో అప్పుడు తెలిసింది నాకు. గుర్రం జవాబు చెప్పదని ఆయనకు తెలియక కాదు. మూడేళ్ళు నా వీపు వైపు చూస్తూ, నేనొక్క ఊఁ కొడతానేమోనని ఆగి, కొట్టకపోతే తానే కొట్టుకుని ముందుకు పోయాడు. నేరుగా నాతో మాట్లాడితే నేనెక్కడ విసుక్కుంటానోనని గుర్రాన్ని అడ్డం పెట్టుకున్నాడు. నేనా అడ్డం తీసి పదిమందికీ చూపించాను.

"నాకు చెప్పండి" అంటే సరిపోయేది. రెండు మాటలు. మూడేళ్ళు చెవులు మూసుకున్నదాన్ని, ఏ మొహంతో అడగను అనిపించింది. సిగ్గు అనుకోండి, పొగరు అనుకోండి. ముందుకి తిరిగాను. అది నేను చేసిన అన్ని తప్పుల్లోకీ పెద్దది.

ఆ తర్వాత రెండు ఆదివారాలు వచ్చి మానేశాడు. పెళ్ళిళ్ళకి గిరాకీ ఎక్కువుందట అన్నాడు కెప్టెన్. మూఢాలు నడుస్తున్నాయి, పెళ్ళిళ్ళెక్కడివి అని నాకు తట్టింది. ఎవరితోనూ అనలేదు, వెళ్ళి చూడనూ లేదు. అలా కొన్ని నెలలు గడిచాక ఆ గురువారం వచ్చింది.

శనివారం బడి వదిలాక తబేలాకి వెళ్ళాను. దాని వెనక ఒకటే గది ఆయనది. మూడో రోజు కార్యం అయిపోయినట్టుంది, చాప మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. జహీరాబాద్‌లో ఇచ్చిన కూతురట, ముప్పై అయిదేళ్ళుంటాయి, లేచి వచ్చింది. క్లబ్బు నుంచి వచ్చానని చెప్పి కూర్చున్నాను. ఎవరిని పలకరించాలో తెలియక చుట్టూ చూసి, "చాచీ ఏరమ్మా?" అని అడిగాను.

అందరూ నావైపు చూశారు.

"అమ్మ పోయి తొమ్మిదేండ్లాయె" అంది కూతురు.

ఆయన ఎన్నడూ "అనేది" అనలేదు. "మా ఇంటామె ఏమంటదంటే" అనే అన్నాడు. నేను విన్నదల్లా ఆ మాట వరకే. ఆ తర్వాతిది వినుంటే, ఆమె లేదన్న సంగతి మొదటి నెలలోనే తెలిసేది.

కూతురు నన్ను ఇంకోసారి పరీక్షగా చూసింది. "మీరు టీచరమ్మనా?"

"అవును."

"మా అబ్బాకు ముందల గుర్రం మీద పోయేటోళ్ళు మీరేనా?"

తలూపాను. ఆమె దగ్గరికి జరిగి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మ పోయినంక అబ్బా మాటనే బంద్ చేసిండు. మాతోని ఫోన్ల గూడ, తిన్నవా, మంచిదే, పెడుతున్న, గంతే. గీ బస్తీల ఎవలనన్న అడుగుండ్రి, మూగోడే అంటరు. గిట్లుంటే ఎట్ల అబ్బా, దిల్‌ల మాట ఎవలికన్న చెప్పుకోవాలె గద అని నేను లొల్లి చేసిన. ఫికర్ చెయ్యకు బేటా, ఐతవారం ఐతవారం ఒక టీచరమ్మకు అన్ని చెప్పుకుంటున్న, మస్తు ఓపికతోని ఇంటది అన్నడు."

నా చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. వెనక్కి తీసుకుందామంటే ధైర్యం చాలలేదు.

"అమ్మ ముచ్చట మాతోని ఎన్నడు తియ్యలె. మీతోని తీసిండా? ఏమనేటోడు?"

అబద్ధం చెబుదామనుకున్నాను. క్లాసులో చదవని పాఠానికి జవాబు రాసే పిల్లల్ని ఇన్నేళ్ళు పట్టుకున్నదాన్ని, ఆ పనీ చేతకాలేదు. "తీసేవాడమ్మా, చాలాసార్లు" అన్నాను. "మా ఇంటామె ఒకపారి చార్మినార్ కాడికి గాజులకు పోయి..."

ఆమె ముందుకి వంగింది. "ఆ, పోయి?"

"తెలియదమ్మా. ఆ తర్వాత నేను వినలేదు. చెవుల్లో దూది పెట్టుకునేదాన్ని."

ఆమె నా చెయ్యి వదిలేస్తుందనుకున్నాను. వదల్లేదు. చున్నీ కొంగుతో మొహం తుడుచుకుని, "గాజులకు పోయిన సంగతి మాకు ఎరుకనే లేదు" అంది. మళ్ళీ తనే అంది.

"ఇంకోటి మొదలువెట్టు టీచరమ్మా. ఎక్కడిదాంక ఇన్నవో గక్కడిదాంకనే చెప్పు."